టెన్ ఎం.ఎం. వైరు ఎక్కడికి పోయింది?

"ఎంత మందం వేసినవ్ జోయెల్?"

"టెన్ అక్కా. టెన్ ఎం.ఎం. రాగి. సీలు ఇప్పని కాయిల్లు."

"గోడలకెల్లి పోలీసోల్లు తీసింది టూ పాయింట్ ఫైవ్."

"నా బిడ్డ మీద ఒట్టు అక్కా..."

"ఒట్లు కోర్టుల నడ్వవు. పని సంగతి చెప్పు."

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. సి.ఐ. ఇచ్చింది పావుగంట. లాకప్ ఊచలకి అవతల జోయెల్, ఇవతల స్టూలు మీద లీలమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయిన మనిషి ఆమె. ఇప్పుడు దబీర్‌పురాలో తన ఇంటి ముందుగదిలోనే చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. పొద్దున జోయెల్ భార్య రూప వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మా ఆయన మనిషిని చంపిండంటున్రక్కా" అని ఒక్క మాటే అంది.

పైకి చూస్తే కేసులో దాపరికం ఏమీ లేదు. మంగళవారం మధ్యాహ్నం ఉప్పుగూడలో ఉమాపతి అనే ప్రభుత్వోద్యోగి ఇంట్లో మంటలు లేచాయి. కింది వాటా వెనక గదిలో పడుకున్న ఉమాపతి పొగకి ఊపిరాడక చనిపోయాడు. మంట పుట్టింది ఎలక్ట్రిక్ కారు చార్జరుకి వెళ్ళే వైరు దగ్గర. ఎనిమిది నెలల కింద ఆ వైరు లాగింది ఎలక్ట్రీషియన్ జోయెల్. గోడలో దొరికిన వైరు, తను వేశానని అతను చెప్తున్నదాంట్లో పావు వంతు. రేపు పదిన్నరకి అతన్ని కోర్టులో హాజరు పెడుతున్నారు.

"నాకు కరెంటు తెల్వది," అంది లీలమ్మ. "తెల్వనోల్లకు చెప్పినట్టే చెప్పు. టెన్ ఎందుకేసినవ్?"

పని మాట రాగానే జోయెల్ గొంతు నిలబడింది.

"గా చార్జర్ ముప్పై రెండు ఆంప్స్ గుంజుతది అక్కా. ఇస్త్రీ పెట్టె లెక్క పది నిమిషాలు కాదు, నాలుగైదు గంటలు ఆగకుంట. టూ పాయింట్ ఫైవ్ ఇంట్ల ప్లగ్గులకు వేస్తం. దాంట్ల గంత కరెంటు పంపితే, హుస్సేనీ ఆలం గల్లీల పెండ్లి బరాత్ దూరినట్టే. జనం గంతే, తోవ సన్నం. ఒరుసుకుంటరు, ఉక్కపోస్తది. తీగ గట్లనే కాగుతది."

"సిక్స్ ఎం.ఎం. చాలంటున్నడు ఇన్సూరెన్స్ ఆయన. నువ్వు టెన్ వేసినవంటే ఎవరు నమ్ముతరు?"

"బుక్కు ప్రకారం సిక్స్ చాలు. కానీ మీటరు ఇంటి ముంగట, కారు వెనక గల్లీల. నడుమ ముప్పై మీటర్లు. దూరం పెరిగినకొద్ది వోల్టేజీ పడ్తది. మల్ల గోడల పైపుల పోతది, గాలి తాకదు. మన ఎండలు నీకెరుకే. గందుకే ఉమాపతి సారుకి చెప్పిన, ఒక్క సైజు మీదికి పోదాం సార్, రేపు గోడ పగలగొట్టే పనుండదు అని. సారు సరే అన్నడు."

"తీగ గంత కాగితే కరెంటు బంద్ చేసే స్విచ్చి, గా ఎం.సి.బి., ఎందుకు పడిపోలే?"

"అది నలభై ఆంప్స్‌ది. టెన్ వైరుకు అదే కరెక్టు. కారు గుంజేది ముప్పై రెండే. ఎం.సి.బి. లెక్కల అంతా మంచిగనే ఉన్నది. లోపల సన్న తీగ ఉన్నదని దానికెట్ల తెలుస్తది?"

లీలమ్మ వాచీ చూసుకుంది. ఇంకా మూడు నిమిషాలు. "నువ్వు చెప్పేది నిజమని చూపెట్టే వస్తువు ఒక్కటన్న ఉన్నదా?"

జోయెల్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వాటిలో ఏదో కదిలింది.

"ఉన్నదక్కా. చార్జర్ యాప్. కారు పెట్టిన ప్రతిసారి వోల్టేజీ రాసుకుంటది. టెన్ వైరైతే నాలుగు వోల్టులు పడ్తది. టూ పాయింట్ ఫైవ్ అయితే పద్నాలుగు పడ్తది. బిగించినోనికి ఒక లాగిన్ ఇస్తరు. నా ఫోన్ పోలీసులు తీస్కున్నరు గని పాస్‌వర్డ్ యాదికున్నది. రాస్కో."

*

రెండు గంటలకి లీలమ్మ ఉమాపతి ఇంటి వెనక గల్లీకి చేరేసరికి అక్కడ అనురాగ్ ముందే ఉన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ తరపు ఇన్వెస్టిగేటర్. చేతిలో టాబ్లెట్, మొహంలో తొందర. ఇద్దరూ అంతకుముందు రెండు కేసుల్లో ఢీకొన్నారు. ఒకటి ఆమె గెలిచింది, ఒకటి అతను.

"రండి హెడ్డు గారూ. ఆరింటికి నా రిపోర్టు వెళ్ళిపోతుంది. సన్న వైరు, ఇల్లు కాలింది. ఇంటివాళ్ళకి క్లెయిమ్ రాదు, మీవాడికి బెయిల్ రాదు. ఎండలో ఎందుకు శ్రమ?"

"ఆరు కాలే గదా సార్. జరుగుర్రి."

కాపలా కానిస్టేబుల్ తల ఊపాక ఆమె చార్జరు దగ్గరికి వెళ్ళింది. బయటి గోడ మీద ఉంది కాబట్టి దానికి మంట తగల్లేదు. కింద వైర్లు లోపలికి దూరే చోట రబ్బరు బిరడా. దాని నోరు బొటనవేలంత. వైర్లు మాత్రం సన్నం. సందు నింపడానికి నల్ల టేపు వరసలు వరసలుగా చుట్టారు. చార్జరు మూత మీద గల్లీ దుమ్ము వేలితో పేరు రాసేంత మందాన ఉంది. టేపు మీద మాత్రం నలక లేదు. ఆమె గోటితో అంచు లేపింది. బంక తీగలా సాగింది.

"ఎనిమిది నెలల టేపు గోటికి గిట్ల అంటుకుంటదా సార్?"

"ఎండకి కరిగి ఉండొచ్చు."

"గోడకు నీడ పడ్తున్నది."

ఆమె అతన్ని దాటుకుని గదిలోకి నడిచింది. నల్లబడ్డ గోడలు, ఇనప మంచం చట్రం, కరిగి గడ్డకట్టిన ఏసీ. మంచం తల వైపు గోడని ఫోరెన్సిక్ వాళ్ళు పగలగొట్టారు. పైపు తెరుచుకుని ఉంది. లోపల రెండు తీగ కొసలు జడలా మెలేసి కలిపిన చోట రాగి కరిగి పూసలు కట్టింది. మంట పుట్టింది అక్కడే.

లీలమ్మ కొలత టేపు పెట్టి కొలిచింది. చార్జరు నుంచి ఆరు మీటర్లు. కరెంటు మీటరు నుంచి ఇరవై నాలుగు.

"ఒక కాయిల్ ఎంత పొడుగు వస్తది సార్?"

"తొంభై మీటర్లు."

"కావల్సింది ముప్పై. మరి నడుమ అతుకెందుకు?"

"మిగిలిన ముక్కలు వాడుంటాడు. కక్కుర్తి."

"ముక్కలైతే ఏడనో ఒక తాన అతుకు పడ్తది. సక్కగ దిండు కాడనే పడ్డదా?" ఆమె ఫోను తీసింది. జోయెల్ చెప్పిన అక్షరాలు ఒక్కొక్కటే నొక్కింది. తెర మీద వరసగా తేదీలు వచ్చాయి. "జర ఇది చూడుర్రి. ఆదివారం, సాయంత్రం నాలుగు. కారు పెట్టకముందు రెండొందల ముప్పై ఒకటి. పెట్టినంక రెండొందల ఇరవై ఏడు. నాలుగే పడ్డది. అంతకు ముందు వారం నాలుగు. ఎనిమిది నెలలు ఎప్పుడు చూసినా నాలుగే. గిప్పుడు మంగళవారం."

అనురాగ్ వంగి చూశాడు. మంగళవారం, 12:05. ముందు 231. తర్వాత 217.

"వీధిలోనే వోల్టేజీ పడుండొచ్చు కదా," అన్నాడు. గొంతులో మునుపటి బిగువు లేదు.

"వీధిల పడితే కారు పెట్టకముందు గూడ తక్కువుండాలె. లేదే. పద్నాలుగు వోల్టులు గీ గోడలనే పోయినయ్. ఆదివారం సాయంత్రం దాంక జోయెల్ వేసిన వైరే ఉన్నది సార్. మంగళవారం పన్నెండుకు లేదు. ఎవరో మార్చిన్రు."

అనురాగ్ టాబ్లెట్ మూసేశాడు. తెరిచి, మళ్ళీ మూశాడు.

*

మార్చడానికి మధ్యలో ఉన్నది సోమవారం ఒక్కటే. ఆ రోజు ఉమాపతి, కూతురు లాస్య ఉద్యోగాలకి వెళ్ళారు. భార్య బాలత్రిపురసుందరి ఆసుపత్రిలో ఉన్న చెల్లెలి దగ్గరుంది. పగలంతా ఇంట్లో ఉన్నది కింది ముందు వాటాలో అద్దెకుంటున్న మొగులయ్య ఒక్కడే. రైల్వేలో పట్టాల పని, రాత్రి డ్యూటీ.

లీలమ్మ అతని గడప మీదే కూర్చుంది. అనురాగ్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"సోమవారం ఎవరొచ్చిన్రు మొగులయ్యా?"

"ఎవ్వరు రాలేదక్కా. డ్యూటీ దిగొచ్చి పండుకున్న."

"ముప్పై మీటర్ల లావు వైరు పైపులకెల్లి గుంజాలంటే ఇద్దరుండాలె. ఒకడు ముంగట, ఒకడు వెనక. 'లాగు, ఆపు, వదులు' అని ఒర్రాలె. నీ మంచం పక్కనే గోడ. నీకు ఇనబడలే?"

"నిద్రల ఉన్న."

"వెనక గదికి తాళం ఉంటది. పగలు ఎవరు లేనప్పుడు తాళంచెవి నీ కాడనే ఉంటది. తాళం పగలలేదు."

మొగులయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"ఉమాపతి సారు నీ కొడుకుకి కాలేజీల సీటు ఇప్పిచ్చిండంట గదా," అంది లీలమ్మ మెల్లగా. "ఆయన సచ్చిపోయిండు. ఏం చేయని జోయెల్ లోపలున్నడు. నువ్వు గిట్ల తువ్వాలు పట్టుకొని ఎన్ని దినాలు కూసుంటవ్?"

మొగులయ్య నేల మీద చతికిలబడ్డాడు.

"నేనే తాళం తీసిచ్చిన అక్కా. ఇద్దరొచ్చిన్రు. చార్జర్ సర్వీసు, సారు పంపిండు అన్నరు. మెడల కార్డులున్నయ్. సారుకి ఫోన్ చేద్దామనుకున్న. నిద్ర మబ్బుల ఊకున్న. పదకొండు దాటినంక వచ్చిన్రు, పన్నెండున్నర దాంక చేసిన్రు. పాత వైరు చుట్ట ఆటోల ఎక్కియ్యనీకి నేనే చెయ్యేసిన. మస్తు బరువుండె. పోలీసులకు చెప్తే నన్నే పట్కపోతరని..."

అనురాగ్ చిటికె వేశాడు. "అయిపోయింది! రాగి దొంగలు. లావు వైరు లాక్కుపోయారు, వెంటనే తెలియకుండా సన్నది దూర్చారు. చోరీ కేసు. మీవాడు బయటపడతాడు హెడ్డు గారూ, నేనూ ఒప్పుకుంటాను. హత్య మాత్రం కాదు."

"దొంగ వైరు గుంజుకొని పోతడు సార్. కొత్త వైరు తెచ్చి, కోసి, మంచం తలాపున అతుకు పెట్టి, మల్ల నీటుగ టేపు చుట్టి పోడు." ఆమె మొగులయ్య వైపు తిరిగింది. "వాల్లు నీతోని ఇంకేం మాట్లాడిన్రు? ఒక్క మాట గూడ ఇడ్వకు."

"ఏం లేదక్కా. మంచినీళ్ళు అడిగిన్రు. గదిలకు పోయినంక ఒకడు అడిగిండు, 'మేడం కూసునేది ఈ గదేనా, మంచం ఎప్పుడు ఇక్కడనే ఉంటదా' అని. అవునన్న."

లీలమ్మ లేచి నిలబడింది.

"మేడమా? సారు అనలేదా?"

"లేదక్కా. మేడం అనే అన్నడు."

*

మూడున్నరకి వాళ్ళు మేడ మీద గదిలో లాస్య ఎదురుగా కూర్చున్నారు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మూడు రోజులుగా నిద్ర లేదని కళ్ళే చెప్తున్నాయి. బాలత్రిపురసుందరి మంచినీళ్ళిచ్చి, చుట్టాలు వస్తున్నారని కిందికి దిగింది.

"కింది గది మీ నాయినదా బిడ్డా?"

"కాదండీ. నాది. మంగళవారాలు ఇంటి నుంచే పని చేస్తాను. పన్నెండింటికి కారు చార్జింగు పెట్టి, ఆ మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటాను."

"మరి మొన్న?"

"నాన్న జ్వరంతో ఒంటిగంట ముందే ఇంటికొచ్చారు. మెట్లెక్కలేనమ్మా అని నా మంచం మీదే వాలిపోయారు. చెప్పులు కూడా విప్పుకోలేదు. నేనే విప్పాను. ఏసీ వేసి, తలుపు దగ్గరగా వేసి మందులకి వెళ్ళాను. ఒకటిన్నర అవుతోంది." లాస్య తన అరచేతుల వైపు చూసుకుంది. "అప్పటికే గదిలో ఏదో కమురు వాసన. పక్కింటి వంట అనుకున్నానండీ. ఒక్క నిమిషం ఆగి చూసుంటే..."

లీలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఏడుపు తగ్గేదాకా పట్టుకునే ఉంది. అనురాగ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నువ్వేం పని చేస్తవ్ బిడ్డా?"

"కేబుల్ టెస్టింగ్ లాబ్‌లో. కంపెనీలు పంపిన వైర్లు పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తాం."

గదిలో గాలి మారినట్టయింది. అనురాగ్ ఇటు తిరిగాడు.

"ఈ మధ్య ఏదన్న లొల్లి అయిందా ఆడ?"

లాస్య తటపటాయించింది. "ఒక శాంపిల్ వచ్చింది. పైన సిక్స్ ఎం.ఎం. అని అచ్చు. లోపల రాగి కొలిస్తే మూడున్నర కూడా లేదు. రెండు వేల ఇళ్ళకి కారు చార్జర్ల కోసం ఆర్డరట. ఫెయిల్ అని రాశాను. మా క్రాంతి సార్ పాస్ చెయ్యమన్నారు. ఆయనే లాబ్ హెడ్. 'ఆ వైరు ఎన్ని ఇళ్ళల్లో కాలుతుందో మీకు తెలుసు కదా సార్, నేను సంతకం పెట్టను' అన్నాను. పోయిన శుక్రవారం సంగతి. ఆయన నవ్వి, మంగళవారం సాయంత్రం దాకా టైముంది, ఆలోచించుకో అన్నారు."

"ఆలోచించినవా?"

"అవసరం లేదండీ. ఆ రోజే ఫెయిల్ రిపోర్టు పంపేశాను. సర్టిఫికెట్ ఆగిపోయి ఉంటుంది."

"చూసినవా ఆగిందో లేదో?"

లాస్య తల అడ్డంగా ఊపింది. మంగళవారం తర్వాత లాప్‌టాప్ లేదు, మెయిలు తెరవలేదు. ఫోనులో తెరిచింది. ఆమె బొటనవేలు కిందికి జరుగుతూ జరుగుతూ ఒక చోట ఆగిపోయింది. ఫోను లీలమ్మ చేతికిచ్చింది. లీలమ్మ అనురాగ్‌కి ఇచ్చింది. అతను పైకే చదివాడు.

"'మీ డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్ జారీ అయినది. ఫలితం, పాస్. మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై ఒక్క నిమిషం.'"

"నేను పెట్టలేదు," అంది లాస్య. "నా డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ ఆఫీసు లాకర్లో ఉంటుంది. రెండు నలభై ఒకటికి నేను... నాన్నని అంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు. పక్కన నిలబడున్నాను."

అనురాగ్ కుర్చీలో కూర్చున్నాడు. మాట్లాడేసరికి గొంతులో వెటకారం జాడ కూడా లేదు.

"ఉప్పుగూడలో ఇల్లు కాలింది, వెనక గదిలో ఉన్న మనిషి పోయారు. రెండున్నరకల్లా క్రాంతికి ఆ కబురు అందుంటుంది, పోయింది ఈ అమ్మాయే అనుకుని ఉంటాడు. చనిపోయిన మనిషి, ఆ సంతకం నాది కాదని చెప్పదు."

"హత్య కాదంటిరి గద సార్," అంది లీలమ్మ. గెలిచిన గొంతు కాదది. ఆమె లాస్య వైపే చూస్తోంది. "నువ్వు బతికే ఉన్నవని ఆయనకు ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం. నాన్నని తీసుకెళ్ళేటప్పుడు వచ్చారు. చేతిలో పూలదండ. నన్ను చూసి గేటు దగ్గరే ఆగిపోయారు. చాలాసేపు కదల్లేదు. నాన్నంటే ఇంత అభిమానమా అనుకున్నాను." లాస్య పెదవులు పాలిపోయాయి. ఇప్పుడే ఆ చూపు మళ్ళీ ఆమెకి కనపడుతోంది.

"తర్వాత మాట్లాడిండా?"

"పొద్దున ఫోను చేశారు. ఏవో లీవు కాగితాలున్నాయి, ఒక్కసారి ఆఫీసుకి రావాలి, నేనే వచ్చి కార్లో తీసుకెళ్తాను అన్నారు."

"ఎన్నింటికి?"

"నాలుగింటికి."

అనురాగ్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. "సి.ఐ. గారూ, అర్జెంటుగా ఉప్పుగూడ..." అంటూ కిటికీలోంచి కిందికి చూసి ఆగిపోయాడు. గల్లీలో ఒక తెల్ల కారు ఆగి ఉంది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది.

మూడూ యాభై రెండు.

లీలమ్మ లాస్యని గోడ మూలకి జరిపి, తలుపు గడియ కోసం చెయ్యి చాచింది. గడియ లేదు. మేడ మీద గదికి ఎవరూ ఎప్పుడూ గడియ పెట్టించలేదు.

కింద నుంచి బాలత్రిపురసుందరి గొంతు మర్యాదగా, అలసటగా వినిపించింది.

"లాస్యా! మీ క్రాంతి గారొచ్చారమ్మా. పైకి పంపించనా?"

జవాబు కోసం ఆగకుండానే మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది.